బ్రిడ్జి కింద బ్రష్ దూరని చోటే అసలు పని

ప్రశ్న: నా వయసు 62. టీచర్‌గా చేసి రిటైరయ్యాను, అనంతపురంలో ఉంటాం. కుడివైపు కింది దవడలో వరసగా మూడు పళ్ళు పోతే, బెంగళూరులో మా అబ్బాయి దగ్గర ఉండి రెండు ఇంప్లాంట్లు వేయించుకుని వాటి మీద మూడు పళ్ళ బ్రిడ్జి పెట్టించుకున్నాను. ఏడాది దాటింది. నొప్పి లేదు, తినడానికి బాగానే ఉంది. కానీ నెల రోజులుగా బ్రష్ చేస్తుంటే అటువైపు రక్తం కనిపిస్తోంది, పొద్దున లేవగానే వాసన కూడా వస్తోంది. పక్కింటావిడేమో "అవి లోహం పళ్ళు, పుచ్చవు, టెన్షన్ పడొద్దు" అంటోంది. నాకు షుగర్ ఉంది. ఇవి ఎన్నేళ్ళు ఉంటాయి? ఎలా శుభ్రం చేసుకోవాలి? ఏం తినకూడదు? మోకాలికి ఎమ్మారై రాశారు, తీయించుకోవచ్చా? మా ఆయన కూడా ఇంప్లాంట్ వేయించుకుంటానంటున్నారు, ఆయనకు వక్కాకులో పొగాకు వేసుకునే అలవాటు ఉంది.

సమాధానం:

అమ్మా, ముందు ఒక పని చెప్పి మిగతావి తర్వాత మాట్లాడతాను. ఈ రెండు వారాల్లోపు ఆ బ్రిడ్జి ఒకసారి డాక్టరుకు చూపించండి. అందుకోసం బెంగళూరే వెళ్ళనక్కర్లేదు. అనంతపురంలోనే ఇంప్లాంట్లు చేసే డాక్టరునో, చిగుళ్ళ స్పెషలిస్టునో కలవండి. మీరు రాసిన రెండు లక్షణాలూ, అంటే రక్తం, వాసన, ఇంప్లాంటు చుట్టూ చిగురు వాచిందని చెప్పేవే. ఇప్పుడు చూపిస్తే చాలా వరకు మామూలు క్లీనింగ్‌తో పోయే అవకాశం ఉంది. ఆర్నెల్లు ఆగితే అదే మాట చెప్పలేను.

మీ పక్కింటావిడ చెప్పినదాంట్లో సగం నిజం. ఇంప్లాంటు అంటే దవడ ఎముకలోకి దించిన టైటానియం స్క్రూ. దానికీ, పైనున్న పింగాణీ పంటికీ పుచ్చు పట్టదు. కానీ ఆ స్క్రూను పట్టుకుని నిలబెట్టింది మీ దవడ ఎముక. దాన్ని చుట్టుకుని ఉన్నది మీ చిగురు. ఆ రెండూ మీ ఒంట్లోవే, వాటికి జబ్బు వస్తుంది. సొంత పంటి దగ్గరైతే చిగురులోని నారపోగులు వేరులోకి నాటుకుని గట్టిగా పట్టుకుంటాయి. ఇంప్లాంటు లోపలికి అవి నాటుకోలేవు, దాని పక్కనుంచే సాగిపోతాయి. అందుకే అక్కడ చిగురు పట్టు వదులు. పాచి ఒకసారి కిందికి దిగిందంటే సొంత పంటి దగ్గర కంటే వేగంగా ఎముక దాకా పోతుంది. పైగా ఇంప్లాంటులో నరం లేదు. ఎముక కరుగుతున్నా చాలామందికి నొప్పే తెలియదు. నొప్పి లేదు కదా అని ఊరుకుని, పన్ను కదులుతోందని వచ్చేసరికి చెయ్యి దాటిపోతుంది.

ఈ జబ్బుకి రెండు మెట్లున్నాయి. మొదటి మెట్టులో చిగురు మాత్రమే ఎర్రబడి వాస్తుంది, ఎముక భద్రంగా ఉంటుంది. పాచి, గార తీసేసి ఇంట్లో సరిగ్గా శుభ్రం చేసుకుంటే చిగురు మళ్ళీ మామూలవుతుంది. రెండో మెట్టులో ఎముక కరగడం మొదలవుతుంది. కరిగిన ఎముకను పూర్తిగా వెనక్కి తేవడం కష్టం. ఆపరేషన్ చేసి కొంత నిలబెట్టగలరు, అంతే. రక్తం రెండింట్లోనూ వస్తుంది. మీరు ఏ మెట్టు మీద ఉన్నారో అద్దంలో చూసి తెలుసుకోలేరు. డాక్టరు సన్నటి కొలపుల్లతో చిగురు లోతు చూడాలి, ఎక్స్‌రే తీయాలి. బ్రిడ్జి బిగించిన రోజుల్లో తీసిన ఎక్స్‌రే ఉంటే, దాని పక్కన ఇప్పటిది పెట్టి చూస్తే అసలు సంగతి తేలిపోతుంది. మొదటి ఏడాదిలో ఇంప్లాంటు మెడ దగ్గర ఒక మిల్లీమీటరు అటూ ఇటూ ఎముక సర్దుకోవడం మామూలే, దానికి కంగారు పడొద్దు. ఆ తర్వాత కూడా దిగుతూ పోతే అది జబ్బు. అందుకని మీ అబ్బాయికి ఫోన్ చేసి ఆ పాత ఎక్స్‌రే వాట్సాప్‌లో తెప్పించుకుని పెట్టుకోండి.

ఈలోపు మెడికల్ షాపుకి వెళ్ళి చిగుళ్ళ వాపుకని మాత్రలు కొనుక్కుని మింగొద్దు. మన దగ్గర ఈ అలవాటు ఎక్కువ. యాంటీబయాటిక్ వేసుకుంటే నాలుగు రోజులు వాసన తగ్గుతుంది, బ్రిడ్జి కింద పాచి మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. మందు ఆపగానే మళ్ళీ మొదటికొస్తుంది. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ కూడా డాక్టరు చెబితే రెండు వారాలు వాడండి, అంతకు మించి సొంతంగా వాడొద్దు. పళ్ళ మీద గోధుమరంగు మరకలు పడతాయి, నోరు రుచి తెలియకుండా పోతుంది.

ఇక శుభ్రం సంగతి. మీ బ్రిడ్జిలో చివర రెండు పళ్ళ కింద ఇంప్లాంట్లు ఉన్నాయనుకుంటున్నాను. మధ్య పన్నుకి కింద ఏమీ ఉండదు, చిగురును ఆనుకుని వేలాడుతూ ఉంటుంది. మూడూ ఒకదానికొకటి అతికి ఉంటాయి కాబట్టి మామూలు పళ్ళ సందుల్లోలాగా పైనుంచి దారం దిగదు. బ్రష్ ఎంత సేపు రుద్దినా పళ్ళ బయటి వైపు, లోపలి వైపు, పైభాగం శుభ్రమవుతాయే కానీ, మధ్య పంటి కింద, ఇంప్లాంట్లు చిగురులోకి దిగే మెడ దగ్గర పాచి అలాగే ఉంటుంది. మీకు వాసన వస్తున్నది కూడా అక్కడి నుంచే అయి ఉంటుంది.

అక్కడికి చేరే దారి ఒకటుంది. సూపర్ ఫ్లాస్ అని మెడికల్ షాపుల్లో, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. ఒక్కో పోగుకీ ఒక చివర పుల్లలా గట్టిగా, మధ్యలో దూదిలా మెత్తగా, చివరికి మామూలు దారంలా ఉంటుంది. అద్దం ముందు నిలబడి గట్టి చివరను బుగ్గ వైపు నుంచి మధ్య పంటి కిందికి దూర్చండి. నాలుక వైపు నుంచి దాన్ని వేలితో అందుకుని లాగండి, మెత్తటి భాగం బ్రిడ్జి కిందికి వస్తుంది. అప్పుడు రెండు చేతులతో రెండు కొసలూ పట్టుకుని బుగ్గ వైపుకీ నాలుక వైపుకీ నెమ్మదిగా ఆడించండి. ఇంప్లాంటు మెడను చుట్టుకునేలా దారాన్ని ఒకసారి ఎడమకీ, ఒకసారి కుడికీ ఒత్తిపట్టి లాగండి. మొదటి వారం దూర్చడానికే చిరాకు వస్తుంది, వేళ్ళు సరిపోవు, కింది దవడలో వెనకాల అయితే మరీను. వారం పదిరోజులకు చెయ్యి తిరుగుతుంది. తీసిన దారం ఒకసారి వాసన చూడండి. మొదటి రోజు వాసనకూ పదో రోజు వాసనకూ తేడా మీకే తెలుస్తుంది, డాక్టరు చెప్పనక్కర్లేదు.

దారం మీ చేతకాకపోతే ఇంటర్‌డెంటల్ బ్రష్ వాడండి. సీసాలు కడిగే బ్రష్‌కి బొమ్మలాంటి చిన్న బ్రష్ అది. కొనేటప్పుడు లోపలి తీగ మీద ప్లాస్టిక్ పూత ఉన్నదే తీసుకోండి, ఉత్త తీగ టైటానియం మీద గీతలు పెడుతుంది. సైజు మీరు ఊహించి కొనొద్దు, డాక్టరు దగ్గర పెట్టి చూసుకోండి. బలవంతపెట్టకుండా దూరాలి, దూరాక అంచులు రాసుకోవాలి. కుచ్చులు చెదిరిపోగానే మార్చేయండి. ఒకవేళ ఎక్స్‌రేలో ఎముక దిగి ఇంప్లాంటు మరలు బయటపడ్డాయని తేలితే, దారం కంటే ఈ బ్రష్షే మేలు. గరుకు మరలకు దారం చిక్కి పోగులు తెగి చిగురులో ఉండిపోతే అదే మరో వాపుకి కారణం అవుతుంది. ఈ సంగతి డాక్టరును అడిగి మరీ నిర్ణయించుకోండి.

వాటర్ ఫ్లాసర్ అని నీళ్ళు చిమ్మే మిషన్ అమ్ముతున్నారు. కొనాలనిపిస్తే కొనుక్కోండి. మీ వయసులో వేళ్ళు సహకరించనివాళ్ళకి అది నిజంగా పనికొస్తుంది. తక్కువ ప్రెషర్‌లో మొదలుపెట్టండి. అయితే అది ఇరుక్కున్న మెతుకుల్ని కొట్టుకుపోయేలా చేస్తుంది కానీ అంటుకున్న పాచిని దారమంత బాగా తుడవదు. అది ఉంది కదా అని దారం మానేయొద్దు.

మామూలు బ్రష్ సాఫ్ట్ రకం తీసుకోండి. చిగురు అంచు మీద కొంచెం ఏటవాలుగా పెట్టి, రోజుకు రెండుసార్లు, రెండేసి నిమిషాలు. రాత్రి పడుకునే ముందు చేసేది మానొద్దు. పళ్ళపొడి, ఉప్పు, బొగ్గు, వేపపుల్ల ఆ వైపుకి అసలు వద్దు, అవి గరుకు. అగ్గిపుల్ల, పిన్నీసులతో పొడుచుకునే అలవాటు ఉంటే ఈ రోజుతో సరి. పేస్టు ఫ్లోరైడ్ ఉన్నదే వాడండి. మన జిల్లాలో చాలా ఊళ్ళలో బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ కదా, దానివల్ల ఇంప్లాంటు పాడవుతుందేమోనని ఇక్కడ చాలామంది అడుగుతుంటారు. తాగే నీళ్ళలోని ఫ్లోరైడ్ ఎదిగే వయసులో సొంత పళ్ళ మీద మచ్చలు వేస్తుంది, ఇంప్లాంటుకి దానితో పేచీ లేదు. క్లినిక్‌లో పూసే పులుపు రకం ఫ్లోరైడ్ జెల్ వేరే సంగతి. అది టైటానియాన్ని, పింగాణీని తినేయగలదు కాబట్టి, ఎవరైనా పూయబోతే నాకు ఇంప్లాంట్లు ఉన్నాయని చెప్పండి.

ఇంత చేసినా దారం దూరకపోతే? అప్పుడు తప్పు మీది కాదు, బ్రిడ్జి ఆకారానిది. కొన్ని బ్రిడ్జిలు కింద గిన్నెలా వంపు తిరిగి చిగురు మీద కూర్చుంటాయి. చూడటానికి సొంత పన్నులాగే ఉంటాయి, శుభ్రం చేయడానికి మాత్రం దారి ఉండదు. నా మటుకు నేను అందం కంటే దారం దూరే సందు ముఖ్యమంటాను, వెనకపళ్ళ దగ్గరైతే మరీను. మీ బ్రిడ్జిని స్క్రూతో బిగించారా, సిమెంటుతో అతికించారా అన్నది కనుక్కోండి. స్క్రూది అయితే విప్పి, కింది భాగం సరిచేసి మళ్ళీ బిగించవచ్చు. సిమెంటుది అయితే ఇంకో అనుమానం కూడా తీర్చుకోవాలి. అతికించేటప్పుడు పొంగిన సిమెంటు చిగురు కింద మిగిలిపోతే ఏడాదికో రెండేళ్ళకో ఇలాగే రక్తం, చీము మొదలవుతాయి. కొన్ని రకాల సిమెంటు ఎక్స్‌రేలో కనపడదు కూడా. డాక్టరుతో ఈ మాట అనండి, వాళ్ళు వెతుకుతారు.

క్లీనింగ్‌కి కుర్చీలో కూర్చోగానే ఇంప్లాంట్ల సంగతి చెప్పండి. మామూలు పళ్ళ గార తీసే స్టీలు పరికరం టైటానియం మీద గీతలు పెడుతుంది. దానికి ప్లాస్టిక్, కార్బన్ ఫైబర్ లేదా టైటానియం మొనలున్న పరికరాలు వేరే ఉంటాయి, సన్నటి పొడిని గాలితో చిమ్మే పద్ధతీ ఉంది. మీకు షుగర్ ఉంది కాబట్టి, ఈ మొదటి రెండేళ్ళూ మూడు నాలుగు నెలలకోసారి చూపించుకోండి. అంతా బాగుందనిపిస్తే ఆర్నెల్లకు మార్చుకోవచ్చు. నొప్పి రాలేదని ఒక తడవ ఎగ్గొట్టొద్దు. ఈ ఖర్చు భారం అనుకునే పాఠకులకు ఒక మాట: కడపలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది, అక్కడ చిగుళ్ళ విభాగంలో చూపించుకోవచ్చు.

షుగర్ గురించి ఎక్కువ రాయను, మీకు తెలిసిందే. షుగర్ అదుపులో ఉన్నవాళ్ళ ఇంప్లాంట్లు దాదాపు షుగర్ లేనివాళ్ళవాటిలాగే నిలుస్తాయి. అదుపు తప్పితే చిగురు ఇన్‌ఫెక్షన్‌ను తట్టుకోలేదు, గాయం మానదు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఈ మధ్య చేయించుకోకపోతే పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళేలోపు చేయించి ఆ కాగితం వెంట తీసుకెళ్ళండి. ఎముకలు గట్టిపడటానికి వారానికో నెలకో వేసుకునే మాత్రలు, ఇంజక్షన్లు ఏమైనా వాడుతుంటే అదీ చెప్పాలి. ఆ మందులున్నవాళ్ళకి దవడలో ఏ చిన్న ఆపరేషన్ చేయాలన్నా డాక్టర్లు ఆలోచించే చేస్తారు.

తిండి విషయంలో మీరు అనుకుంటున్నన్ని ఆంక్షలు లేవు. ఇంప్లాంటు ఎముకలో గట్టిగా కుదురుకుంది కాబట్టి సంగటి, ఉగ్గాని, మెత్తటి జొన్నరొట్టె, కూర, మాంసం అన్నీ తినొచ్చు. ప్రమాదమల్లా ఉన్నట్టుండి పడే దెబ్బ. సొంత పంటి చుట్టూ ఉన్న నారపొర బరువు పడగానే కొంచెం అణుగుతుంది. వెంట్రుక కంటే సన్నటి రాయి పంటి కింద పడినా నోరు వెంటనే తెరుచుకునేలా చేసేది కూడా అదే. ఇంప్లాంటుకి ఆ పొర లేదు. అందుకే మీకు తెలియకుండానే ఆ వైపు ఎక్కువ బలం పెట్టి కొరుకుతారు. పింగాణీ పెచ్చు లేవడం, స్క్రూ వదులవడం అక్కడ మొదలవుతాయి. కాబట్టి నల్లి బొక్కలు కొరకడం, వక్క పగలగొట్టడం, వేయించిన చింతపిక్కలు, శెనక్కాయలు పంటితో ఒలవడం, ఐస్ ముక్కలు నమలడం ఆ వైపు వద్దు. నిప్పట్లు తినాలనిపిస్తే చేత్తో విరిచి చిన్న ముక్కలు రెండో వైపు వేసుకోండి. ఎండిపోయి కడక్‌గా ఉన్న రొట్టెను పులుసులో నానబెట్టుకోండి. శెనక్కాయ చిక్కీ అంటుకుపోతుంది, పొట్టు బ్రిడ్జి కింద చేరుతుంది. తింటే తినండి కానీ ఆ రాత్రి దారం తప్పనిసరి. ఎండాకాలంలో మామిడిపండు పీచు సంగతీ అంతే.

నిద్రలో పళ్ళు కొరుకుతున్నారేమో మీ ఆయన్ని అడగండి, మనకు మనం తెలుసుకోలేం. ఆ అలవాటు ఉంటే బ్రిడ్జికి అదే పెద్ద శత్రువు. డాక్టరు అచ్చు తీసి చేసిచ్చే నైట్ గార్డ్ పెట్టుకుని పడుకోవాలి. బ్రిడ్జి ఏ మాత్రం కదిలినట్టు, కొరికితే ఎత్తుగా తగిలినట్టు అనిపిస్తే ఆ వైపు తినడం ఆపేసి ఒకటి రెండు రోజుల్లో చూపించండి. స్క్రూ వదులైతే బిగించడం చిన్న పని. వదులుగా ఉన్నదాని మీదే నెలల తరబడి తింటే స్క్రూ లోపలే విరిగిపోతుంది, అప్పుడు దాన్ని బయటికి తీయడమే ఒక పెద్ద ప్రహసనం.

ఇక్కడే ఒక కాగితం గురించి చెప్పాలి. ఇంప్లాంటు వేసినప్పుడు దాని కంపెనీ, మోడల్, పొడవు, లావు, లాట్ నంబరు ఉన్న స్టిక్కర్ అంటించి ఒక కార్డు ఇస్తారు. ఒక్కో కంపెనీ స్క్రూకీ ఒక్కో రకం డ్రైవరు కావాలి. ఆ కార్డు లేకపోతే అనంతపురంలో డాక్టరుకి ఎంత చెయ్యి తిరిగినా ఏ డ్రైవరు పెట్టాలో తెలియక ఆగిపోతారు. చిన్న స్క్రూ కోసం మీరు రెండు వందల కిలోమీటర్లు పైగా బెంగళూరు పోవాల్సి వస్తుంది. కార్డు మీ దగ్గర లేకపోతే ఆ క్లినిక్‌ని అడిగి ఇప్పుడే తెప్పించుకోండి, ఫొటో తీసి అబ్బాయి ఫోన్‌లో కూడా ఉంచండి.

ఎన్నేళ్ళు ఉంటాయంటే: స్వీడన్‌లో ప్రొఫెసర్ బ్రోనెమార్క్ 1965లో టైటానియం ఇంప్లాంట్లు వేసిన మొదటి పేషెంటు 2006లో చనిపోయేదాకా, అంటే నలభై ఏళ్ళకు పైగా, వాటితోనే తిన్నాడు. అందరికీ అలా జరుగుతుందని కాదు. ఇంప్లాంట్ల మీది బ్రిడ్జిల్లో పదేళ్ళ తర్వాత కూడా నూటికి తొంభై దాకా నోట్లో నిలిచే ఉంటాయి. కానీ మొదటి ఐదేళ్ళలోనే సుమారు మూడోవంతు మందికి పింగాణీ పెచ్చు లేవడమో, స్క్రూ వదులవడమో, చిగురు వాపో ఏదో ఒకటి వస్తుంది. మీకు వచ్చింది అందులో ఒకటి, మీ డబ్బు నీళ్ళపాలైనట్టు కాదు. పైనున్న బ్రిడ్జిని మాత్రం మధ్యలో ఎప్పుడో ఒకసారి మార్చాల్సి రావచ్చు, దానికి మనసులో సిద్ధంగా ఉండండి.

ఎమ్మారై నిక్షేపంగా తీయించుకోండి. టైటానియాన్ని అయస్కాంతం లాగదు. దవడకి తీస్తే ఆ చుట్టూ బొమ్మ కొంచెం చెదరవచ్చు, మోకాలికి ఆ బాధ కూడా లేదు. అక్కడి సిబ్బందికి పళ్ళలో ఇంప్లాంట్లు, బ్రిడ్జి ఉన్నాయని ఒక్క మాట చెప్పండి చాలు.

మీ ఆయన సంగతి. పొగాకు మానకుండా ఇంప్లాంటు వేయించుకోవడాన్ని నేను ఒప్పుకోను. పొగాకు చిగురుకి రక్తం సరిగ్గా అందనివ్వదు, ఇంప్లాంట్లు ఫెయిలయ్యేవాళ్ళలో ఈ అలవాటున్నవాళ్ళే ఎక్కువ. ముందు అది ఆపాలి. సొంతంగా కష్టమైతే 1800 112 356 అని కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత ఫోన్ లైన్ ఉంది, అందులో మానడానికి సాయం చేస్తారు. వక్క కూడా తక్కువది కాదు. పొగాకు లేకపోయినా వక్క ఒక్కటే బుగ్గలు బిగుసుకుపోయేలా చేస్తుంది, క్యాన్సర్‌కీ దారి తీస్తుంది. ఆయన్ని నోరు బాగా తెరిచి తన చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలు మూడూ కలిపి నిలువుగా ముందుపళ్ళ మధ్య పెట్టి చూసుకోమనండి. పట్టకపోయినా, బుగ్గ లోపల తెల్లటి లేదా ఎర్రటి మచ్చ ఉన్నా, కారం తగిలితే మండుతున్నా, రెండు వారాలకు మించి మానని పుండు ఉన్నా ఇంప్లాంటు మాట పక్కనపెట్టి అది ముందు చూపించాలి. మీరు వెళ్ళే రోజునే ఆయన్నీ వెంట తీసుకెళ్ళండి, చూడటానికి పది నిమిషాలు చాలు.